కరెంటుకు బదులు కాంతి: వెలుతురుతో వినికిడి తెప్పించే ప్రయోగాల కథ

"చెవిలో లైటు పెడితే చెవిటివాళ్లకు వినపడుతుందట!" అంటూ అప్పుడప్పుడు ఓ వార్త వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. చదివినవాళ్లకు రెండు ప్రశ్నలు వస్తాయి. ఇది నిజమేనా, ఉత్తుత్తి కబురా? నిజమైతే మా పిల్లాడికి ఎప్పుడు పెడతారు? మొదటిదానికి జవాబు తేలిక: నిజమే, పేరున్న ల్యాబుల్లో పదేళ్లకు పైగా జరుగుతున్న పనే. రెండోదానికి మాత్రం ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. ముందు చెవి ఎలా పనిచేస్తుందో, వినపడనివాళ్లకు ఆపరేషన్ చేసి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరం ఎక్కడ తడబడుతుందో తెలియాలి. అది తెలిస్తే కాంతి ఎందుకు కావలసి వచ్చిందో దానంతట అదే అర్థమవుతుంది.

గాలి కదలిక మెదడు దాకా ఎలా వెళ్తుంది

శబ్దం అంటే గాలిలో కదలిక. అది కర్ణభేరిని కదిలిస్తే, దాని వెనకున్న మూడు బుల్లి ఎముకలు ఆ కదలికను లోపలి చెవికి అందిస్తాయి. అక్కడ నత్తగుల్లలా చుట్టుకుని కాక్లియా ఉంటుంది. బఠాణీ గింజంత ఉండే ఈ గొట్టం రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. సాగదీస్తే సుమారు 35 మిల్లీమీటర్లు. లోపలంతా ఉప్పునీరులాంటి ద్రవం.

ఈ గొట్టం పొడవునా ఒక పల్చటి పొర ఉంటుంది. కీచుమనే శబ్దాలకు గొట్టం మొదట్లో, బొంగురు శబ్దాలకు చివర్లో అది ఎక్కువగా ఊగుతుంది. ఈల మోత ఒక చోట, డప్పు మోత ఇంకో చోట. అంటే ఏ శబ్దం వచ్చిందన్నది కాక్లియాలో 'ఎక్కడ' అన్న ప్రశ్నగా మారిపోతుంది. పొర ఇలా అలలుగా కదులుతుందని చూపించినందుకే గేయార్గ్ ఫాన్ బేకేషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది.

పొర మీద రోమ కణాలు వరసగా ఉంటాయి. కదలికను నాడి సంకేతంగా మార్చేవి ప్రధానంగా లోపలి వరసలోని కణాలు, ఒక్కో చెవిలో దాదాపు 3,500. వాటి నుంచి సుమారు 30,000 నాడీకణాలు కబురును మెదడుకు మోసుకెళ్తాయి. కోళ్లలో ఈ రోమ కణాలు చచ్చిపోయినా మళ్లీ మొలుస్తాయి. మనకు మొలవవు.

పెద్ద చప్పుళ్లు, వయసు, మెనింజైటిస్ అనే మెదడు పొరల వాపు, జెంటామైసిన్ లాంటి కొన్ని మందులు, పుట్టుకతో వచ్చే జన్యు లోపాలు ఈ కణాలను దెబ్బతీస్తాయి. ప్రపంచంలో సుమారు 43 కోట్ల మందికి చికిత్సో సాయమో అవసరమైనంత వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కొన్ని రోమ కణాలు మిగిలి ఉంటే హియరింగ్ ఎయిడ్ శబ్దాన్ని పెంచి వాటికి వినిపిస్తుంది. అవి పూర్తిగా పోతే ఎంత పెంచినా వినేవాళ్లు లేరు. అయితే చాలామందిలో రోమ కణాలు పోయినా వెనకున్న నాడి మిగిలే ఉంటుంది. ఈ కథంతా ఆ మిగిలిన నాడి మీదే నడుస్తుంది.

ఇప్పుడున్న ఇంప్లాంట్: రోమ కణాల బదులు కరెంటు తీగ

పోయిన కణాలను పక్కనపెట్టి నాడికే నేరుగా కరెంటు ఇస్తే? 1957లో పారిస్‌లో ఆంద్రే జూర్నో, షార్ల్ ఎరియెస్ ఆ పని చేసి చూశారు. 1961లో లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ అదే దారి పట్టారు. 1970ల చివర్లో వియన్నాలో హోఖ్‌మయర్ దంపతులు, మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ ఒకటి కాకుండా అనేక ఎలక్ట్రోడ్లున్న (కరెంటు వదిలే చుక్కలున్న) పరికరాలను మనుషుల్లో అమర్చారు. ఇవాళ్టి కాక్లియర్ ఇంప్లాంట్లు వాటి వారసులే. ప్రపంచవ్యాప్తంగా ఇప్పటికి పది లక్షలకు పైగా అమర్చారు. మన దగ్గర ఆరోగ్యశ్రీలో చేర్చాక ఈ ఆపరేషన్ మాట పల్లెల్లో కూడా తెలిసింది.

చెవి వెనక మైకు, ప్రాసెసర్ ఉంటాయి. వచ్చిన శబ్దాన్ని ప్రాసెసర్ బొంగురు నుంచి కీచు దాకా కొన్ని పట్టీలుగా విడగొడుతుంది. తల మీద అయస్కాంతంతో అతుక్కున్న కాయిల్ ఆ వివరాన్ని చర్మం అవతలికి పంపిస్తుంది. లోపల కాక్లియాలోకి దూర్చిన సన్నటి తీగ మీద కంపెనీని బట్టి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు ఉంటాయి. ఏ పట్టీలో శబ్దం ఉంటే దానికి సంబంధించిన ఎలక్ట్రోడ్ కరెంటు కొడుతుంది.

3,500 కణాల పని ఇరవై చుక్కల చేత చేయించడం! అయినా నిశ్శబ్దంగా ఉన్న గదిలో చాలామంది పెదాలు చూడకుండా మాట అర్థం చేసుకుంటారు, ఫోన్‌లో మాట్లాడతారు. ఒక ఇంద్రియం పనిని ఇంత బాగా అందుకున్న పరికరం వైద్యంలో ఇంకోటి లేదు. అందుకే కాంతి ఇంప్లాంట్ గురించి రాసేటప్పుడు పాతదాన్ని పనికిరానిదిగా చూపించడం నాకు నచ్చదు.

గట్టు లేని మడి

మరి చిక్కెక్కడ? పెళ్లి భోజనాల హాల్లో, బస్టాండులో, నలుగురు ఒకేసారి మాట్లాడేచోట మాటలు కలిసిపోతాయి. సంగీతం చాలామందికి గోలగా వినిపిస్తుంది.

కారణం ఆ ఉప్పునీరే. ద్రవంలో కరెంటు ఒకచోట నిలవదు. గట్లు లేని పొలంలో ఒక మడికి నీళ్లు వదిలితే పక్క నాలుగు మళ్లూ తడిసినట్టు, ఒక ఎలక్ట్రోడ్ కొట్టిన కరెంటు చుట్టుపక్కల నాడీకణాలన్నిటినీ లేపేస్తుంది. పక్క ఎలక్ట్రోడ్ కూడా దాదాపు వాటినే లేపుతుంది. దాంతో 22 ఎలక్ట్రోడ్లున్నా, విడివిడిగా పనికొచ్చే దారులు ఏడెనిమిదికి మించవని పరీక్షల్లో తేలింది. ఎలక్ట్రోడ్లు ఇంకా పెంచినా లాభం లేదు. గట్లు కట్టకుండా తూములు పెంచినట్టే.

ఇక్కడ న్యాయంగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: దారులు పెరిగితే నిజంగా మాట మెరుగవుతుందా, లేక మెదడుకు ఎనిమిది చాలా? దీన్ని మామూలు వినికిడి ఉన్నవాళ్ల మీద పరీక్షించారు. మాటను కంప్యూటర్‌లో కొన్ని పట్టీలుగా కత్తిరించి, ఇంప్లాంట్‌లో వినిపించే తీరుగా మార్చి వినిపించారు. రొదలో మాట పట్టుకోవడంలో వాళ్లు ఇరవై పట్టీల దాకా మెరుగవుతూనే ఉన్నారు. ఇంప్లాంట్ ఉన్నవాళ్లు మాత్రం ఏడెనిమిది దగ్గరే ఆగిపోయారు. అంటే అడ్డం మెదడులో లేదు, కలిసిపోతున్న కరెంటులో ఉంది.

పాలు, తాలు, కాలు

తెలుగు మాటలతోనే చూద్దాం. 'కల', 'కాల' మధ్య తేడా కాలంలో ఉంది. అచ్చు ఎంతసేపు పలికిందన్నదే ముఖ్యం. 'గడి', 'గడ్డి' కూడా అంతే, హల్లు దగ్గర ఎంతసేపు ఆగామన్నదే. శబ్దం ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది అన్న వివరాన్ని ఇంప్లాంట్ చక్కగా అందిస్తుంది. కాబట్టి ఇలాంటి జంటలతో పేచీ తక్కువ.

ఇప్పుడు 'పాలు', 'తాలు', 'కాలు' అనండి. మూడింట్లోనూ కాలం ఒకటే. తేడా అంతా మొదటి హల్లు నోట్లో ఎక్కడ పుట్టిందన్నదే: పెదాల దగ్గరా, పళ్ల దగ్గరా, గొంతు దగ్గరా? ఆ వివరం శబ్దంలోని ఏ పట్టీలో ఎంత బలం ఉందన్న రూపంలో వస్తుంది. పట్టీలు కలిసిపోతే ముందు పోయేది ఇదే. ఎదురుగా ఉంటే 'ప'కు పెదాలు మూసుకోవడం కనిపిస్తుంది. ఫోన్‌లో, అదీ ఆటో మోత మధ్యలో, ఆ సాయం ఉండదు.

సంగీతంలో ఇంకా కష్టం. శంకరాభరణం, కల్యాణి రాగాల స్వరాల్లో తేడా ఒక్క మధ్యమమే. షడ్జమాన్ని సెకనుకు 240 కంపనాల దగ్గర పెడితే శుద్ధ మధ్యమం 320 దగ్గర, ప్రతి మధ్యమం సుమారు 337 దగ్గర పడుతుంది. కాక్లియాలో ఏ స్థాయి ఎక్కడ పలుకుతుందో చెప్పే సూత్రంతో లెక్క కడితే, ఆ రెండు చోట్ల మధ్య దూరం పావు మిల్లీమీటరు పైచిలుకు. ఎలక్ట్రోడ్ల మధ్య దూరమే దానికి రెట్టింపు కంటే ఎక్కువ, కరెంటు వ్యాపించేది ఇంకా ఎక్కువ. పైగా ఈ స్థాయి స్వరాల్లో చెవి 'ఎక్కడ' అన్నదానితో ఆగదు, కంపనాల లయను కూడా పట్టుకుంటుంది. ఎక్కువ ఇంప్లాంట్లు ఒకే వేగంతో కరెంటు కొడతాయి కాబట్టి ఆ రెండో ఆధారం కూడా చాలావరకు జారిపోతుంది. చోటు, లయ రెండూ గుర్తుపెట్టుకోండి. కాంతి ఒకటి ఇచ్చి ఇంకోటి అడుగుతుంది.

చెరువు నాచు ఇచ్చిన గేటు

కాంతిని కరెంటులా కాక ఒకచోట గురిపెట్టొచ్చు. కానీ చెవి నాడికి కాంతి తెలియదు. టార్చి వేసినా పలకదు. వార్తల్లో సాధారణంగా ఎగిరిపోయే ముక్క ఇదే: కాంతి ఇంప్లాంట్ అంటే పరికరం ఒక్కటే కాదు. ముందు నాడికి వెలుతురు తెలిసేలా చెయ్యాలి, అందుకు జన్యువు ఎక్కించాలి.

ఆ జన్యువు క్లామిడోమోనాస్ అనే ఒంటికణపు నాచుది. నీళ్లలో రెండు తోకలతో ఈదుతూ వెలుతురు వైపు తిరుగుతుంది. దాని కంటిచుక్కలో ఉండే ప్రోటీన్ చానల్‌రొడాప్సిన్. కాంతి పడగానే తెరుచుకునే గేటు లాంటిది. తెరుచుకోగానే ధనావేశమున్న అయాన్లు కణంలోకి దూకుతాయి. జర్మన్ శాస్త్రవేత్తలు పీటర్ హేగెమాన్, గేయార్గ్ నాగెల్, ఎర్న్‌స్ట్ బాంబెర్గ్ 2002, 2003లో ఈ గేట్లను వర్ణించారు. ధనావేశం లోపలికి దూకడమంటే నాడీకణం పలకడానికి కావలసిందే కదా. 2005లో స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్ బాయ్డెన్, కార్ల్ డైసెరోత్ బృందం దీన్ని నాడీకణాల్లో పెట్టి, నీలి కాంతి వేసి పలికించింది. ఈ పద్ధతికి ఆప్టోజెనెటిక్స్ అని పేరు.

దీన్ని చెవికి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది జర్మనీలోని గోటింగెన్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌లో టోబియాస్ మోజర్ బృందం. 2014లో వాళ్లు ఎలుకల్లో కాక్లియా నాడిని కాంతితో పలికించారు. అవి పుట్టుకతోనే ఆ జన్యువు ఉండేలా పెంచిన ఎలుకలు. పుట్టి పెరిగిన జంతువుకు ఎక్కించగలమా అన్నది అసలు ప్రశ్న.

జెర్బిల్ గెంతు

జవాబు 2018లో వచ్చింది. ఈసారి మంగోలియన్ జెర్బిల్ అనే ఎడారి ఎలుకను తీసుకున్నారు. ఎలుకకు బొంగురు శబ్దాలు సరిగ్గా వినపడవు, జెర్బిల్‌కు మనకులాగే వినపడతాయి. జబ్బు చేయని ఏఏవీ వైరస్ మీద జన్యువునెక్కించి, ఎదిగిన జెర్బిళ్ల కాక్లియాలోకి ఇంజెక్ట్ చేశారు. తర్వాత లేజర్ కాంతి మోసే సన్నటి ఫైబర్‌ను లోపలికి దూర్చారు.

బోను రెండు అరలుగా ఉంటుంది. సంకేతం వచ్చాక జెర్బిల్ రెండో అరలోకి గెంతాలి, లేకపోతే చిన్న షాకు తగులుతుంది. ఇక్కడ సంకేతం చెవి లోపల వెలిగే కాంతి. జెర్బిల్‌కు అది కనిపించదు. కనిపించే చోట వెలగదు. అయినా గెంతింది. మందుతో వినికిడి పోగొట్టిన జెర్బిళ్లు కూడా కాంతికి గెంతాయి. వాటికి ఏం వినిపించిందో అవి చెప్పలేవు. ఏదో వినిపించిందని మాత్రం గెంతు చెబుతోంది.

2019లో అదే బృందం ఇంకో ముఖ్యమైన ముక్క తేల్చింది. మధ్య మెదడులో శబ్దాలు స్థాయిల వారీగా వరసగా నమోదయ్యే చోట కొలతలు తీసుకుంటే, కాంతి లేపిన నాడీకణాల పరిధి ఎలక్ట్రోడ్ లేపినదాని కంటే ఇరుకుగా ఉంది. చెవికి అసలు శబ్దం వినిపించినప్పటి పరిధికి దగ్గరగా వచ్చింది. గట్లు నిలిచాయన్నమాట.

కాంతి అడిగే ధర

మొదటి ధర కాలం. వినికిడి నాడి సెకనుకు కొన్ని వందలసార్లు పలకగలదు. ఇంప్లాంట్లలో ఒక్కో ఎలక్ట్రోడ్ సెకనుకు 900 దెబ్బలు కొట్టడం మామూలే. నాచు గేటు అంత చురుకైనది కాదు. తెరుచుకున్నది మూసుకోవడానికి పది మిల్లీసెకన్ల దాకా పడుతుంది. మూసుకోకముందే ఇంకో మెరుపు వస్తే రెండూ ఒకటైపోతాయి. అందుకని గేటు ప్రోటీన్‌నే మార్చి త్వరగా మూసుకునే రకాలు తయారుచేశారు. 2018 నాటి ఎఫ్-క్రిమ్సన్ అలాంటిదే. అది నీలి రంగుకు కాక నారింజ-ఎరుపు వైపు కాంతికి స్పందిస్తుంది. నీలి కాంతి కంటే అది కణజాలంలో తక్కువ చెదురుతుంది, కణాలకు హాని తక్కువ. దాంతో సెకనుకు వంద దాటిన మెరుపులకూ నాడీకణాలు లయ తప్పకుండా పలికాయి. మెరుగే, కానీ కరెంటు వేగానికి ఇంకా దూరమే.

రెండోది శక్తి. త్వరగా మూసుకునే గేటు తక్కువ అయాన్లను లోపలికి వదులుతుంది, కాబట్టి కాంతి ఎక్కువ కావాలి. ఎక్కువ కాంతి అంటే చెవిలో వేడి, చెవి వెనక బ్యాటరీ తొందరగా అయిపోవడం. 2025లో ప్రచురించిన సీహెచ్‌రీఫ్ అనే కొత్త రకంతో ఒక్కో మెరుపుకు కావలసిన శక్తి నానోజౌళ్ల (జౌలులో వంద కోట్లో వంతుల) లెక్కకు దిగింది. అయితే దాని గేటు మూసుకోవడానికి సుమారు 30 మిల్లీసెకన్లు. వేగం కావాలా, పొదుపు కావాలా అన్న బేరం ఇంకా నడుస్తూనే ఉంది. ఏ వార్తా కథనం చదివినా నేను ముందు వెతికేది ఇదే: ఏ రకం గేటు వాడారు, దాన్ని ఎంత వేగంతో నడిపారు?

మూడోది కాంతిని పుట్టించే చోటు. కాక్లియా లోపలే వరసగా బుల్లి ఎల్‌ఈడీలు పెట్టడం ఒక దారి. లేజర్లను బయటి డబ్బాలో ఉంచి, గాజు తీగల్లాంటి కాంతి దారులతో లోపలికి పంపడం రెండోది. మొదటి దారిలో ద్రవంలో ఎలక్ట్రానిక్స్ దశాబ్దాల పాటు తడవకుండా ఉండాలి. రెండో దారిలో ఆ బాధ తక్కువ, కానీ డజన్లకొద్దీ దారులు నత్తగుల్ల మలుపుల్లో విరగకుండా వంగాలి.

ఇక జన్యువు. ఇంప్లాంట్ పడకపోతే తీసేయొచ్చు, ఎక్కించిన జన్యువును తీయలేం. శరీరం వైరస్‌ను ఎదుర్కొంటే? ఎన్ని నాడీకణాలకు జన్యువు అందుతుంది? నాచు ప్రోటీన్‌ను మోస్తూ ఆ కణాలు ఏళ్ల తరబడి బతుకుతాయా? ఎలుకల్లో వచ్చిన జవాబులు మనిషికి చాలవు. అందుకే గోటింగెన్‌లో కోతి జాతుల మీదా పరీక్షిస్తున్నారు.

జన్యువు లేకుండా కుదరదా? ఇతర వాదనలు

కుదురుతుందన్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని నార్త్‌వెస్ట్రన్ యూనివర్సిటీలో క్లాస్-పీటర్ రిక్టర్ బృందం ఏళ్లుగా ఇన్‌ఫ్రారెడ్ లేజర్‌తో పనిచేస్తోంది. ఆ కాంతి నీటిని క్షణంలో వేడెక్కించి నాడిని పలికిస్తుందని, జన్యువు అక్కర్లేదని వాళ్ల వాదన. జర్మనీలో, ఆస్ట్రేలియాలో కొందరు పరిశోధకులు దీన్ని ప్రశ్నించారు. వేడెక్కిన ద్రవం ఒక్కసారిగా వ్యాకోచిస్తే 'టక్' మని చిన్న శబ్దం పుడుతుంది. మిగిలిన రోమ కణాలు ఆ శబ్దాన్నే వింటున్నాయేమో? రోమ కణాలు పూర్తిగా పోయిన జంతువుల్లో స్పందన కనపడలేదన్నది వాళ్ల ఆధారం. నాకు ఈ అభ్యంతరం బరువైనదిగానే అనిపిస్తుంది. రోమ కణాలు లేనివాళ్లకే కదా ఈ పరికరం కావలసింది.

ఇంకో వైపు, జన్యు లోపాన్నే సరిదిద్దే దారి ఉంది. ఓటోఫ్ అనే జన్యువు చెడితే రోమ కణాలు ఉంటాయి కానీ కబురు నాడికి అందించలేవు. సరైన జన్యువు ఎక్కించి ఆరుగురు పిల్లల్లో ఐదుగురికి వినికిడి తెప్పించిన ఫలితాలను షాంఘైలోని ఫూడాన్ యూనివర్సిటీ వైద్యులు 2024లో ప్రచురించారు. వార్తల్లో ఇదీ, కాంతి ఇంప్లాంటూ తరచూ కలగలిసిపోతాయి. రెండూ జన్యువులే, రెండూ ఏఏవీ వైరస్ మీదే వెళ్తాయి. కానీ మొదటిది చెడిన భాగాన్ని బాగుచేస్తుంది, ఒక్క రకం లోపానికే పనికొస్తుంది. రెండోది మనిషిలో ఎన్నడూ లేని గేటును పెడుతుంది, కారణం ఏదైనా నాడి బతికి ఉంటే చాలంటుంది. నాడే లేకపోతే రెండూ పనిచెయ్యవు.

ఉన్న పరికరాన్నే మెరుగుపరచాలనేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు: ఎలక్ట్రోడ్లను నాడికి దగ్గరగా జరపడం, కరెంటును దిశ చూసి కొట్టడం, రొదను ముందే వడగట్టే సాఫ్ట్‌వేర్. వీటికి జన్యు చికిత్స అక్కర్లేదు. సంజ్ఞాభాషతో పెరిగిన బధిరుల్లో చాలామంది ఇంకో మాటంటారు: తాము బాగుచెయ్యాల్సిన యంత్రాలం కాదని, తమకు ఓ భాష ఉందని. ఈ చర్చ కాంతితో మొదలవలేదు, కాంతితో ముగిసేదీ కాదు.

మనిషి దాకా వచ్చిందా?

చెవిలో ఇంకా కాదు. కంటిలో వచ్చింది. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బుతో చూపు పోయిన 58 ఏళ్ల వ్యక్తి ఒక కంటిలో ఇలాంటి గేటు జన్యువును ఎక్కించిన ఫలితాలను 2021లో జోసె-అలాన్ సాహెల్, బోటోండ్ రోస్కా బృందం ప్రచురించింది. ఎదుటి దృశ్యాన్ని నారింజ రంగు మెరుపులుగా మార్చే కళ్లద్దాలు పెట్టుకుంటే, టేబుల్ మీద నోట్‌బుక్ ఎక్కడుందో ఆయన చెయ్యి చాచి తాకగలిగాడు. ముఖాలు గుర్తుపట్టలేదు. చూడటం నేర్చుకోవడానికే నెలలు పట్టింది.

చెవి ట్రయల్ కోసం గోటింగెన్ బృందం కొన్నేళ్లుగా సన్నాహాలు చేస్తోంది. మొదటి దశ ట్రయల్స్ ఎక్కడ జరిగినా పెద్దవాళ్ల మీదే మొదలవుతాయి, భద్రతనే ముందు చూస్తాయి. పుట్టుకతో వినపడని పిల్లల లెక్క వేరు. మాట నేర్చుకునే కిటికీ మెదడులో తొలి ఏళ్లలోనే తెరిచి ఉంటుంది. రెండేళ్ల పాప ఇప్పుడున్న ఇంప్లాంట్‌తో వినే 'అమ్మ', పదేళ్ల తర్వాత వచ్చే మెరుగైన ఇంప్లాంట్‌తో వినే 'అమ్మ' కంటే మెదడుకు చాలా విలువైనది. కాంతి కోసం ఆగుదామా అని వైద్యుణ్ణి అడిగే తల్లిదండ్రులకు దొరికే జవాబు ఈ లెక్కలోంచే వస్తుంది.